సాక్ష్యం చెప్పేది స్ఫటికం
(ఆచార్య సూరి భగవంతం గారి స్మృతిలో విజయవాడలో చేసిన ఉపన్యాసం పాఠం)



భగవంతం గారిది మన ప్రాంతమే. 1909 అక్టోబరు 14న ఆగిరిపల్లిలో పుట్టారు. బెజవాడ నుంచి నూజివీడు వెళ్లేవాళ్లకు ఆ ఊరినీ, శోభనాచలం కొండనూ పరిచయం చేయక్కర్లేదు. నిజాం కాలేజీలో చదువు ముగించుకుని, ఇరవై ఏళ్లు నిండకముందే, 1928లో కలకత్తా వెళ్లి రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఫలితం లోకానికి తెలిసిన ఏడాదే అది. కాంతి కణానికి స్పిన్ ఉందనడానికి ప్రయోగం చూపించిన ఆధారాన్ని 1931లో రామన్, భగవంతం కలిసి ప్రకటించారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులుగా, ఉస్మానియా వైస్ చాన్సలరుగా, బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు.

పదవుల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆయన వాల్తేరులో చేసిన ఒక పనిని పట్టుకుని మాట్లాడతాను. గణితవేత్త టి. వెంకటరాయుడు గారితో కలిసి 1939లో ఆయన ఒక పద్ధతి ప్రకటించారు. స్ఫటికంలో పరమాణువులు ఏ సౌష్ఠవంతో అమరి ఉన్నాయో తెలిస్తే చాలు. దాని రామన్ వర్ణపటంలో ఎన్ని గీతలు రావాలో, ఏ గీత కాంతిని ఏ దిశలో ధ్రువీకరిస్తే కనబడాలో ప్రయోగానికి ముందే కాగితం మీద తేల్చవచ్చు. ఆ లెక్కకు ఆధారమైన గ్రూపు సిద్ధాంతం మీద ఇద్దరూ కలిసి రాసిన పుస్తకం 1948లో వాల్తేరు నుంచే వచ్చింది. భీమసేనాచారి గారితో కలిసి వజ్రం స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచి 1946లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురించారు. 1966లో ‘క్రిస్టల్ సిమెట్రీ అండ్ ఫిజికల్ ప్రాపర్టీస్’ రాశారు. వీటన్నిటినీ కలిపే దారం ఒకటే: పదార్థం గుణం గురించి మాట్లాడేముందు స్ఫటికం సంగతి తేల్చుకో.

1989 జనవరి చివరి వారంలో ‘నేచర్’ పత్రికలో టోక్యో శాస్త్రవేత్తలు తొకురా, తకగి, ఉచిద ఒక కొత్త అతివాహకాన్ని ప్రకటించారు. ఫిబ్రవరి మొదటి వారంలో భగవంతం గారు కన్నుమూశారు. ఆ పదార్థం గురించి ఆయన ఏమనేవారో ఊహించే సాహసం చేయను. కానీ ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆ పదార్థంతో శాస్త్రవేత్తలు పడ్డ పాట్లు ఆయన పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని రుజువు చేశాయి. ఇవాళ చెప్పబోయేది ఆ కథే.

ఖాళీలు కావు, ఎలక్ట్రాన్లు

చలి ముదిరితే కొన్ని పదార్థాల్లో విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమవుతుంది. 1911లో కామెర్లింగ్ ఓన్స్ పాదరసంలో, 4.2 కెల్విన్ దగ్గర, మొదటిసారి దీన్ని చూశారు. 1986లో బెడ్‌నార్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్లలో అతివాహకత్వం కనిపెట్టారు. మరుసటి ఏడాదికే 93 కెల్విన్ దగ్గర అతివాహకమయ్యే పదార్థం వచ్చింది. అంటే ద్రవ నత్రజని చలి సరిపోతుంది. ఆ ఏడాదే వారికి నోబెల్ వచ్చింది.

ఆ మొదటి తరం పదార్థాలన్నిట్లోనూ విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లు తప్పుకోగా మిగిలిన ఖాళీలు. తొకురా బృందం దారి మార్చింది. నియోడైమియం కాపర్ ఆక్సైడులో కొంత నియోడైమియం తీసి ఆ చోట సీరియం పెట్టింది. నియోడైమియం మూడు ఎలక్ట్రాన్లు ఇస్తే సీరియం నాలుగు ఇస్తుంది. ఆ అదనపు ఎలక్ట్రాను రాగి, ఆక్సిజన్ పొరలోకి చేరుతుంది. రెండు నియోడైమియం స్థానాల్లో సీరియం వాటా 0.15 ఉన్నప్పుడు దాదాపు 24 కెల్విన్ దగ్గర అతివాహకత్వం వచ్చింది.

93 ఉండగా 24తో మనకేం పని అని విద్యార్థులు అడుగుతారు. కరెంటు తీగలకు ఇది పనికిరాదు, నిజమే. అయితే రాగి ఆక్సైడ్లు అసలెందుకు అతివాహకాలవుతున్నాయనేది ఇప్పటికీ తేలలేదు. ఖాళీలు నింపిన వైపే చూస్తూ వేసిన సిద్ధాంతం ఎలక్ట్రాన్లు నింపిన వైపు కూడా నిలబడాలి కదా! అక్కడ కథ అద్దంలో బొమ్మలా ఉండదు. డోపింగ్ లేని, అంటే వేరే మూలకం ఏదీ కలపని స్థితిలో ఈ పదార్థాలు యాంటీఫెర్రో అయస్కాంతాలు. అంటే పక్కపక్కన ఉన్న రాగి పరమాణువుల స్పిన్లు ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తుంటాయి. ఖాళీల జాతికి చెందిన లాంథనం కాపర్ ఆక్సైడులో రెండు శాతం ఖాళీలు చేరితే చాలు, ఈ క్రమం చెదిరిపోతుంది. నియోడైమియం పదార్థంలో పదమూడు శాతం దాకా సీరియం కలిపినా నిలుస్తుంది. అతివాహకత్వం వచ్చే చోటికి అయస్కాంతత్వం ఇంచుమించు గడప దాకా వచ్చి ఉంటుంది. రెండూ ఒకే ఇంట్లో కాపురం చేస్తాయా, ఒకటి వెళ్లాకే రెండోది వస్తుందా? ఈ ఒక్క ప్రశ్న మీద ఎన్నో వాదాలు నడిచాయి. తీర్పు చెప్పాల్సింది స్ఫటికమే.

ఇల్లలకగానే పండగ కాదు

పొడిని కాల్చి చేసిన బిళ్లలో లక్షల రేణువులు తలో దిక్కు చూస్తుంటాయి. ఈ పదార్థంలో పొరల వెంట ఉండే నిరోధానికీ, పొరలకు అడ్డంగా ఉండే నిరోధానికీ వేల రెట్ల తేడా. బిళ్లలో కొలిస్తే రెండూ కలగాపులగం అవుతాయి. అందుకే ఏకస్ఫటికం కావాలి.

పెంచడానికి రెండు దారులు. మొదటిది, రాగి ఆక్సైడు ఎక్కువ వేసి మూసలో కరిగించి చాలా నెమ్మదిగా చల్లార్చడం. నల్లగా మెరిసే పలుచని పలకలు వస్తాయి. గడ్డకట్టిన మడ్డిలోంచి వాటిని విరగకుండా తీయడం మరో పని. మూస అల్యూమినా అయితే అల్యూమినియం స్ఫటికంలోకి జొరబడే ప్రమాదం ఉంటుంది. రెండోది మూస లేని దారి. పదార్థాన్ని కడ్డీగా చేసి నిలువుగా వేలాడదీస్తారు. దీపాల వెలుగును అద్దాలతో ఒకచోట కేంద్రీకరించి ఆ చోట మాత్రమే కరిగిస్తారు. ఆ కరుగు గంటకు మిల్లీమీటరు అటూ ఇటూగా జరుగుతూ పోతుంది. వెనక స్ఫటికం పేరుకుంటుంది. దీపం ఒక్కసారి కునికితే రోజుల పని పోయినట్టే.

ఇంత చేసి బయటికి తీసిన స్ఫటికం అతివాహకం కాదు! ఆర్గాన్ వాయువులో 900 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉంచితే గానీ దానికి అతివాహకత్వం రాదు. ఆ వేడిలో కొంచెం ఆక్సిజన్ పోతుంది. ఎంత? సూత్రంలో ఆక్సిజన్లు నాలుగుంటే అందులో 0.02 నుంచి 0.04 దాకా. లెక్క వేసి చూడండి. ఈ పదార్థం అణుభారం 415. అందులో 0.02 ఆక్సిజన్ అంటే 0.32. యాభై మిల్లీగ్రాముల స్ఫటికం చేతిలో ఉంటే, పొయ్యిలో పెట్టి తీశాక తగ్గేది 0.04 మిల్లీగ్రాములు. మంచి తక్కెడ కూడా నసిగే బరువు అది. తేడా మాత్రం అయస్కాంతానికీ అతివాహకానికీ మధ్య ఉన్నంత. వేడి కాస్త ఎక్కువైతే మొదటికే మోసం, స్ఫటికం పైపొర విడిపోతుంది.

పోయే ఆ కాస్త ఆక్సిజన్ ఎక్కడిది? ఈ నిర్మాణంలో రాగికి నాలుగు పక్కల నాలుగు ఆక్సిజన్లు ఉంటాయి, నెత్తిన ఆక్సిజన్ ఉండకూడదు. పెరిగేటప్పుడు కొన్ని చోట్ల నెత్తిన కూడా వచ్చి కూర్చుంటుంది, వేడి దాన్నే తీసేస్తుంది అని మొదట అనుకున్నారు. 1994లో న్యూట్రాన్ వివర్తనం ఆ వాదానికి బలమిచ్చింది. పదేళ్ల తర్వాత, సీరియం ఎక్కువైన చోట పోయేది పొరలోని ఆక్సిజనే అని రామన్, పరారుణ ప్రయోగాలు సూచించాయి. 2007లో పెంగ్‌చెంగ్ దాయ్ బృందం మూడో మాట చెప్పింది. పెరిగిన స్ఫటికంలో అక్కడక్కడా రాగి పరమాణువులు లోపిస్తాయని, వేడి చేసినప్పుడు ఆ గుంటలు పూడతాయని, ఆ మరమ్మతు ఫలితంగా వేరే ఆక్సైడు పొరలు పుడతాయని తేల్చింది. ఈ మూడో మాట గుర్తుంచుకోండి. కథ అక్కడికే వస్తుంది.

స్ఫటికాన్ని ప్రశ్నించే పద్ధతి

ఇప్పుడు చేతిలో పలక ఉంది. దాన్ని ఏమడగాలి?

ముందు లావే చిత్రం. పలక ముఖానికి నిలువుగా ఎక్స్ కిరణాలు పంపితే చుక్కల ముగ్గు వస్తుంది. పావు చుట్టు తిప్పినా అదే ముగ్గు రావాలి. చుక్క చీలినా, సాగినా అది ఒక స్ఫటికం కాదు, కొంచెం కొంచెం ఒరిగిన ముక్కల కూర్పు. తర్వాత ఎలక్ట్రాన్ ప్రోబుతో సీరియం పంపిణీ చూడాలి. ఒకచోట చూస్తే చాలదు. పలక మందం వెంట కూడా వాటా మారుతుంది. మనం 0.15 అని రాసుకున్నది ఒక అంచున 0.13 అయితే, ఒకే పలకలో రెండు వేర్వేరు పదార్థాలను కొలుస్తున్నామన్నమాట.

తర్వాత అయస్కాంత పరీక్ష. క్షేత్రం లేకుండా చల్లబరిచి, ఆపైన చిన్న క్షేత్రం పెడితే అతివాహకం దాన్ని బయటే ఆపుతుంది. ఇక్కడ చాలామంది జారిపడతారు. స్ఫటికం పైపొర ఒక్కటే అతివాహకమైనా క్షేత్రం లోపలికి పోదు. లోపలంతా మామూలుగా ఉన్నా నూటికి నూరు పాళ్లు అతివాహకమన్నట్టు అంకె వస్తుంది. నిరోధం సున్నా అయిందన్నా అంతే, ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క సన్నని దారి దొరికితే చాలు. అందుకే ఉష్ణధారిత లాంటి మొత్తం పదార్థాన్ని తాకే కొలత కూడా కావాలి.

ఇక రామన్ పరీక్ష. ఇక్కడే వాల్తేరు లెక్క పనికొస్తుంది. ఈ స్ఫటికంలో ప్రాథమిక గడికి ఏడు పరమాణువులు, అంటే ఇరవై ఒక్క కంపనాలు. భగవంతం, వెంకటరాయుడు గార్ల పద్ధతిలో వాటిని సౌష్ఠవం ప్రకారం విడదీస్తే రామన్‌లో కనబడాల్సినవి నాలుగని తేలుతుంది. సౌష్ఠవ జాతుల పేర్లతో చెబితే: ఏ-వన్-జి ఒకటి, బి-వన్-జి ఒకటి, ఈ-జి రెండు. లాంథనం కాపర్ ఆక్సైడుకు అదే లెక్క వేస్తే అక్కడా నాలుగే. కానీ ఏ-వన్-జి రెండు, ఈ-జి రెండు, బి-వన్-జి సున్నా. కారణం ఆక్సిజన్. లాంథనం పదార్థంలో రాగి నెత్తిన కూర్చునే ఆక్సిజన్ ఇక్కడ పక్కకు జరిగి వేరే స్థానంలో ఉంటుంది. ఆ స్థానం సౌష్ఠవం మారింది కాబట్టి గీత జాతి మారింది.

దీన్ని కంటితో చూడవచ్చు. లేజరు కాంతినీ, వెనక్కి వచ్చే కాంతినీ రాగి-ఆక్సిజన్ బంధం వెంట ధ్రువీకరిస్తే రెండు గీతలు కనబడతాయి. రెండు ధ్రువకాలనూ నలభై అయిదు డిగ్రీలు తిప్పండి. ఏ-వన్-జి గీత అలాగే ఉంటుంది. బి-వన్-జి గీత ఆరిపోతుంది. ఆరిపోకపోతే స్ఫటికమైనా ఒరిగి ఉండాలి, నిర్మాణమైనా మనం అనుకున్నది కాకపోవాలి. సీరియం కలిపిన స్ఫటికాల్లో 580 తరంగసంఖ్య దగ్గర ఇంకో గీత కూడా వస్తుంది. లెక్కలో దానికి చోటు లేదు. లెక్కలో చోటు లేని గీత అంటే స్ఫటికంలో ఉండకూడనిదేదో ఉందన్నమాట. ఉండకూడని చోట ఆక్సిజన్ ఉందనడానికి దాన్ని గుర్తుగా చూశారు. 1939 నాటి కాగితం లెక్క యాభై ఏళ్ల తర్వాత పుట్టిన పదార్థంలో లోపాన్ని పట్టిచ్చింది!

రెండు వ్యాజ్యాలు

స్ఫటికాన్ని సరిగా ప్రశ్నించకపోతే ఏమవుతుందో రెండు కేసులు చూద్దాం.

మొదటిది జంట ఎలక్ట్రాన్ల సౌష్ఠవం మీద. ఖాళీలు నింపిన రాగి ఆక్సైడ్లలో జంటల శక్తి అంతరం కొన్ని దిశల్లో సున్నా అవుతుందని తేలింది, దాన్ని డి-తరంగం అంటారు. ఎలక్ట్రాన్లు నింపిన పదార్థంలో అయస్కాంత క్షేత్రం ఎంత లోతుకు చొరబడుతుందో 1993లో కొలిస్తే, అన్ని దిశల్లోనూ అంతరం ఉన్న ఎస్-తరంగంలా కనిపించింది. రెండు జాతులకూ రెండు వేర్వేరు భౌతికశాస్త్రాలా అని అందరూ ఆశ్చర్యపోయారు. 1996లో కూపర్ అసలు కిటుకు చెప్పారు. నియోడైమియానికి సొంత అయస్కాంతత్వం ఉంది. చలి పెరిగేకొద్దీ అది కొలతలో కలిసి అసలు వంపును చెరిపేస్తుంది. నియోడైమియం బదులు ప్రసియోడైమియం పెడితే ఆ అడ్డు తొలగుతుంది. 2000లో రెండు బృందాలు ప్రసియోడైమియం స్ఫటికాలను కొలిచి డి-తరంగం ఆనవాళ్లు చూపించాయి. అదే ఏడాది సూయీ, కర్ట్‌లీ వేరే దారిలో, మూడు స్ఫటికాలు కలిసే అతుకు దగ్గర అయస్కాంత ప్రవాహాన్ని చూసి, అదే మాట చెప్పారు. తర్వాత 2002లో బ్లూంబర్గ్ బృందం నియోడైమియం పదార్థంలో రామన్ ప్రయోగం చేసి ఆ డి-తరంగం పాఠ్యపుస్తకంలో ఉన్నంత సాదా కాదని, అంతరం గరిష్ఠంగా ఉండే చోటు జరిగి ఉందని చూపింది. బి-వన్-జి, బి-టూ-జి అన్న ఆ సౌష్ఠవ భాషే లేకపోతే ఈ వాదం మొదలయ్యేదే కాదు.

రెండోది ఇంకా రసవత్తరం. 2003లో దాయ్ బృందం నియోడైమియం స్ఫటికం మీద న్యూట్రాన్లు పంపి, అయస్కాంత క్షేత్రం పెంచేకొద్దీ వివర్తనంలో యాంటీఫెర్రో క్రమాన్ని చూపే చుక్క బలపడడం చూసింది. అతివాహకత్వాన్ని క్షేత్రం అణచగానే కింద దాగిన అయస్కాంతత్వం పైకి వచ్చిందని ‘నేచర్’లో రాసింది. అందమైన మాట. కానీ అదే ఏడాది అదే పత్రికలో గ్రెవెన్ బృందం అభ్యంతరం చెప్పింది. స్ఫటికాన్ని ఆర్గానులో వేడి చేసినప్పుడు నియోడైమియం, సీరియం ఆక్సైడు పలుచని పొరలుగా లోపల ఏర్పడుతుంది. దాని గడి కొలత రాగి పొర గడికి 2√2 రెట్లు. అంటే 3.94 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఇంచుమించు 11.1. అంత కచ్చితంగా సరిపోవడంతో ఆ ఆక్సైడు చుక్కలు యాంటీఫెర్రో చుక్కలు పడాల్సిన చోటే పడతాయి. అందులోని నియోడైమియం క్షేత్రానికి స్పందిస్తుంది కాబట్టి చుక్క బలపడుతుంది. దాయ్ బృందం జవాబు చెప్పింది. వాదన నడిచింది. విత్తనపు మడిలో బెరకులు ఏరకుండా దిగుబడి రాసుకుంటే ఆ బస్తాలు ఏ వంగడానివో ఎవరు చెప్పగలరు? సరిగ్గా అదే చిక్కు.

నిజం నిలకడ మీద తెలుస్తుంది. 2007లో గ్రెవెన్ బృందమే స్పిన్ల పరస్పర సంబంధం ఎంత దూరం నిలుస్తుందో న్యూట్రాన్లతో కొలిచి, సీరియం వాటా 0.134 దగ్గర దీర్ఘక్రమం ముగుస్తుందని, అసలైన అతివాహకత్వంతో అది సహవాసం చేయదని ప్రకటించింది. అదే ఏడాది, ఇందాక గుర్తుంచుకోమన్న మాటను దాయ్ బృందమే చెప్పింది: ఆ ఆక్సైడు పొరలు ఎక్కడి నుంచో వచ్చి పడిన చెత్త కాదు, రాగి గుంటలు పూడే క్రమంలోనే పుడతాయి. ఇద్దరు ప్రత్యర్థులూ చివరికి స్ఫటికం దగ్గరే కూర్చున్నారు. ఎవరు గెలిచారన్నది నాకు ముఖ్యం కాదు. నాలుగేళ్ల వాదన తేలింది కొత్త సిద్ధాంతం వల్ల కాదు, స్ఫటికంలో ఏముందో తెలుసుకోవడం వల్ల.

ఇంకా మూయని పుస్తకం

ఇంతటితో అయిపోలేదు. జపానులో నైతో బృందం పలుచని పొరల్లో ఆక్సిజన్ను మరింత జాగ్రత్తగా తీసి, సీరియం అసలు కలపకుండానే అతివాహకత్వం చూపింది. అలాగైతే సీరియం వాటాను బట్టి ఏళ్ల తరబడి గీసిన పటం సగం ఆక్సిజన్ పటమేనా అన్న ప్రశ్న వచ్చింది. మరో జపాను బృందం స్ఫటికాన్ని అదే పదార్థం పొడిలో కప్పిపెట్టి వేడి చేసే పద్ధతి తెచ్చింది. పైపొర చెడకుండా లోపలి ఆక్సిజన్ నెమ్మదిగా పోతుంది. అలా చేసిన స్ఫటికాల్లో అయస్కాంతత్వం వల్ల వస్తుందనుకున్న మిథ్యాంతరం (ఎలక్ట్రాన్ల శక్తుల్లో కనబడే అసంపూర్ణ అంతరం) దాదాపు మాయమైందని 2016లో హోరియో బృందం రాసింది. పాత స్ఫటికాల మీద వచ్చిన ప్రతి ఫలితాన్నీ ఇప్పుడు ఒక ప్రశ్న అడగాలి: ఆ స్ఫటికాన్ని ఎలా వేడి చేశారు?

నా తీర్పు సూటిగా చెబుతాను. ఈ రంగంలో ఎక్కువ కాలం నిలిచినవి పెద్ద అయస్కాంతాలతో, పెద్ద యంత్రాలతో వచ్చిన ఫలితాలు మాత్రమే కావు. స్ఫటికం ఎలా పెరిగింది, ఎంత సేపు కాలింది, సీరియం ఎక్కడెక్కడ ఎంత ఉంది అని నాలుగు వాక్యాలు నిజాయతీగా రాసినవి నిలిచాయి. వాటిని రాయనివి ఎంత మెరిసినా అనుమానం కిందే ఉన్నాయి.

డెల్టా కళాశాలలకు ఒక మాట

ఇదంతా బెజవాడలో కూర్చుని మనం చేయగలమా అని కొందరు మిత్రులు అడిగారు. ద్రవ హీలియం మన దగ్గర లేదు. న్యూట్రాన్ రియాక్టరు లేదు. కానీ ఇందోరులో, ముంబయిలో, కలకత్తాలో, కల్పాక్కంలో యూజీసీ-డీఏఈ (అణుశక్తి శాఖ) శాస్త్ర పరిశోధన కన్సార్షియం ఉంది. విశ్వవిద్యాలయాల, కళాశాలల పరిశోధకులు దరఖాస్తు పెట్టుకుంటే అక్కడి పరికరాలు వాడుకోవచ్చు. ముంబయిలో ధ్రువ రియాక్టరు న్యూట్రాన్లు కూడా అందుబాటులో ఉంటాయి. వెళ్లేటప్పుడు మన చేతిలో ఉండాల్సింది ఒక్కటే: మనకు బాగా తెలిసిన స్ఫటికం.

దాన్ని తెలుసుకునే విద్య ఇక్కడే నేర్పవచ్చు. బీకరులో మైలతుత్తం స్ఫటికం పెంచడానికి ఖర్చేమీ లేదు. ఎమ్మెస్సీలో గ్రూపు సిద్ధాంతం పరీక్ష కోసం కంఠస్థం చేయించే బదులు, ఒక స్ఫటికం చేతికిచ్చి దాని రామన్ గీతలెన్నో లెక్కకట్టమనండి. తర్వాత దగ్గర్లో ఎక్కడ స్పెక్ట్రోమీటరు ఉంటే అక్కడికి తీసుకెళ్లి సరిచూడమనండి. లెక్కకు మించి ఒక గీత వస్తే కొట్టేయవద్దని చెప్పండి. అది దేనిదో తేల్చమనండి.

భగవంతం గారికి ఊళ్లో విగ్రహం పెట్టడం కంటే, ఆయన 1966 పుస్తకం ప్రతి కళాశాల గ్రంథాలయంలో అందరి చేతికీ అందే బల్ల మీద ఉంచడం మంచి స్మారకం. ఈ సభలో ఉన్న అధ్యాపకులు వచ్చే విద్యా సంవత్సరం నుంచే ఆ పని మొదలుపెట్టాలని కోరుతున్నాను.